అప్‌డేట్: స్టార్-డెల్టా స్టార్టర్ ట్రిప్ సమస్య తీరింది

గాజువాక ఆటోనగర్‌లో 10 హెచ్‌పీ మోటారు మాటిమాటికీ ట్రిప్ అవుతోందని, నేమ్‌ప్లేట్ మీద 14 ఆంపియర్లుంటే ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు మితిమీరితే మోటారును ఆపేది) 8 దగ్గర ఎందుకు పెట్టారని అడిగాను కదా. ఆ సెట్టింగే కరెక్టు. ఈ స్టార్టర్ మోటారును ముందు స్టార్ కనెక్షన్‌లో తక్కువ కరెంటుతో లేపి, తర్వాత డెల్టాకి మారుస్తుంది. రిలే మెయిన్ కాంటాక్టర్ (కరెంటును కలిపి తెంపే స్విచ్) కింద, మోటారు వైండింగులకి వెళ్లే యూ1, వీ1, డబ్ల్యూ1 వైర్లలో ఉంది. డెల్టాలో లైన్ కరెంటు రెండు వైండింగులకి చీలుతుంది కాబట్టి అక్కడ పారేది లైన్ కరెంటులో 0.58 వంతే, అంటే 8.1. దాన్ని 14కి తిప్పితే వైండింగ్ కాలినా రిలే పడదు. రిలే ఇన్‌కమింగ్ లైన్‌లో ఉంటే మాత్రం పూర్తి 14 పెట్టాలి. డయల్ ముట్టుకునే ముందు వైరింగ్ చూడండి, దయచేసి.

అసలు జబ్బు డెల్టా కాంటాక్టర్ టెర్మినల్‌లో. ఉప్పుగాలికి లగ్ (వైరు చివర బిగించే లోహపు ముక్క) పచ్చగా చిలుం పట్టి వదులైంది. ఒక వైండింగ్‌కి కరెంటు తగ్గి, మిగతా రెండిటి మీద లోడు పడింది. లగ్ మార్చి బిగించాక క్లాంప్ మీటరులో లైన్ 12, రిలే వైర్లు మూడూ 7.