వెనకబడిన పల్లె ప్రాంతాల మీద ప్రభుత్వం డబ్బు పెట్టాలా, వద్దా?

మొదటి పోస్ట్:
పని లేక కుర్రాళ్లంతా వలసపోతున్న ప్రాంతంలో కోట్లు కుమ్మరించడం దండగ అంటాను. ఆ డబ్బేదో మనుషుల చేతికే ఇస్తే పని ఉన్న చోటికి వెళ్లి బతుకుతారు. ఇటలీ చూడండి, దక్షిణ ప్రాంతం కోసం 1950లో ప్రత్యేక నిధి పెట్టి 1984 దాకా నడిపారు, ఉత్తరంతో తేడా ఇప్పటికీ పోలేదు.

జవాబు:
ఇటలీ కథ సగమే చెప్పారండి. మొదట్లో ఆ డబ్బు రోడ్లకీ, తాగునీటికీ, సాగునీటికీ వెళ్లింది, ఆ కాలంలో దక్షిణం నిజంగానే ఉత్తరాన్ని అందుకుంటూ వచ్చింది. తర్వాత ఉక్కు, రసాయనాల భారీ ఫ్యాక్టరీల మీద పడ్డారు. చుట్టుపక్కల వాటితో ముడిపడిన చిన్న పరిశ్రమలు పెద్దగా పుట్టలేదు, అందుకే ఆ భారీ ఫ్యాక్టరీలకు ‘ఎడారిలో చర్చిలు’ అని పేరొచ్చింది. అంటే డబ్బు పెట్టడంలో తప్పు లేదు, దేని మీద పెట్టారన్నదాంట్లో ఉంది. అమెరికాలో టెనెసీ లోయకు 1933లో ప్రభుత్వ సంస్థ వచ్చేదాకా అక్కడి పొలాల్లో చాలా ఇళ్లకు కరెంటే లేదు, గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు తీగలు లాగలేదు మరి. (ఆ సంస్థ కట్టిన డ్యాముల కింద వేల కుటుంబాలు ఊళ్లు వదిలాయి, అదీ దాచకూడదు.) ఇక వెళ్లిపోనివ్వండి అంటున్నారు, వెళ్లేది వయసులో ఉన్నవాళ్లు, మిగిలేది ముసలివాళ్లు. పిల్లలు తగ్గారని బడి మూస్తారు, జనం లేరని బస్సు ఆపేస్తారు, వాళ్లేం కావాలి?

మరో జవాబు:
నేను కళ్లారా చూసిన ఒక కోల్డ్ స్టోరేజీ సంగతి చెప్తాను. గోడలకు రంగులు వేశారు, శిలాఫలకం పెట్టారు, లోపల స్విచ్ బోర్డు మీద ప్లాస్టిక్ కవర్ కూడా ఇంకా తియ్యలేదు. ట్రాన్స్‌ఫార్మర్ రాలేదు. భవనం డబ్బు ఒక శాఖది, కరెంటు ఇంకో శాఖది, ఏడాది చివర్లో నిధులు మురిగిపోతాయని గబగబా బిల్లులు చేసేశారు. రైతులు మాత్రం కోసిన రోజే వ్యాపారి చెప్పిన రేటుకు అమ్ముకుంటున్నారు, చూస్తే కడుపు మండింది. కట్టడానికి ఎంతవుతుందో రాస్తారు, నడపడానికి ఎంతవుతుందో రాయరు. పదేళ్ల నిర్వహణ ఖర్చు ఎస్టిమేట్‌లో లేని పనికి రూపాయి కూడా మంజూరు చేయకూడదు.

మొదటి పోస్ట్ రాసినవారు:
ఆ షరతుకు ఒప్పుకుంటాను. రోడ్డు, నీళ్లు, కరెంటు వరకూ సరే. పన్ను రాయితీలిచ్చి ఫ్యాక్టరీ తెస్తామంటే మాత్రం ఒప్పుకోను, రాయితీ గడువు తీరగానే అది ఇంకో చోటికి పోదని ఎవరు హామీ ఇస్తారు?