హెచ్‌సీహెచ్‌సీఆర్ (హై కార్బన్ హై క్రోమియం టూల్ స్టీల్) పంచ్‌కి హార్డ్‌నెస్ రావట్లేదు, అర్జెంట్

బాలానగర్ టూల్‌రూమ్:
బ్లాంకింగ్ పంచ్ (రేకు నుంచి ముక్కలు కత్తిరించేది), 40 మి.మీ. మందం. 62 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ గట్టిదనం కొలత) కావాలి. హార్డనింగ్ (బాగా కాల్చి చల్లార్చి గట్టిపరచడం) అయ్యాక 57 వచ్చింది. 200 డిగ్రీల్లో టెంపరింగ్ (పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడి చేయడం) చేస్తే 56కి పడింది. పొద్దున్నుంచీ దీంతోనే సరిపోయింది, రేపు పార్టీకి డై ఇవ్వాలి. మళ్లీ వేడి చేసి ఆయిల్లో ముంచేయనా? ఎవరైనా చెప్పండన్నా.

వైర్‌కట్:
హెచ్‌సీహెచ్‌సీఆర్‌లో ఏ రకం, డీ2నా, డీ3నా? ఎన్ని డిగ్రీల్లో పెట్టారు?

గ్రైండింగ్ షాప్:
ముందు హార్డ్‌నెస్ ఎక్కడ చూశారో చెప్పండి. మామూలు మఫిల్ ఫర్నేస్‌లో గాలి తగిలి పైపొరలో కార్బన్ పోతుంది. ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) ఫాయిల్ చుట్టాలి, లేదా పోత ఇనుము చిప్స్‌లో ప్యాక్ చేయాలి. చాలామంది ఇది పట్టించుకోరు. 0.3 మి.మీ. గ్రైండ్ చేసి చూడండి. కూలెంట్ ధారాళంగా పోయండి, లేకపోతే ఆ వేడికే పైపొర మెత్తబడుతుంది.

బాలానగర్ టూల్‌రూమ్:
అర మిల్లీ తీసే చూశానన్నా, అదే 57. డీ2. 1080లో అరగంట ఉంచి ఆయిల్లో వేశాం.

మెటలర్జీ మేష్టారు:
అసలు సంగతి 1080లో ఉంది. 200లో టెంపర్ చేసే డీ2కి 1010–1030 చాలు. అంతకు మించితే కార్బైడ్లు (స్టీల్‌లోని గట్టి రేణువులు) ఎక్కువగా కరిగి కార్బన్, క్రోమియం ఆస్టెనైట్‌లోకి (బాగా వేడిలో స్టీల్ ఉండే రూపం) చేరతాయి. అప్పుడు మార్టెన్‌సైట్ (చల్లార్చినప్పుడు వచ్చే గట్టి రూపం) మార్పు గది వేడికి వచ్చేసరికి పూర్తి కాదు, మెత్తటి ఆస్టెనైట్ మిగిలిపోతుంది. 200 డిగ్రీలకి అది కదలదు.

హీట్ ట్రీట్:
డ్రై ఐస్‌లో పెట్టి క్రయో చేయిస్తే సరి.

వైర్‌కట్:
డ్రై ఐస్ మైనస్ 78. అది సబ్‌జీరో. క్రయో అంటే లిక్విడ్ నైట్రోజన్, మైనస్ 196.

హీట్ ట్రీట్:
ఏదైనా ఆస్టెనైట్ మారడానికే కదండీ.

మెటలర్జీ మేష్టారు:
ఏదైనా క్వెంచ్ (హార్డనింగ్‌లో చల్లార్చడం) అవగానే చేయాలి. ఒకసారి టెంపర్ అయ్యాక ఆస్టెనైట్ స్థిరపడిపోతుంది, పెద్దగా లాభం ఉండదు. తమ్ముడూ, మళ్లీ ముంచొద్దు. అనీల్ (వేడి చేసి మెల్లగా చల్లార్చి మెత్తబరచడం) చేయకుండా తిరిగి హార్డెన్ చేస్తే పగుళ్లొస్తాయి. 520లో 2 గంటలు ఉంచి, చేత్తో పట్టుకునేంత చల్లారనివ్వు. ఆ చల్లారేటప్పుడే ఆస్టెనైట్ కొత్త మార్టెన్‌సైట్ అవుతుంది. అది పెళుసు కాబట్టి 500లో ఇంకో 2 గంటలు తప్పనిసరి. 60 దాకా వస్తుంది, 62 ఆశించకు. సైజు కాస్త పెరుగుతుంది, ఫినిష్ గ్రైండింగ్ ఆ తర్వాతే. 62 తప్పదంటే 860లో అనీల్ చేసి, ఫర్నేస్‌లోనే గంటకి 10–20 డిగ్రీల చొప్పున 650 దాకా దించి, మళ్లీ 1020 నుంచి మొదలుపెట్టాలి.

హీట్ ట్రీట్:
40 మందానికి ఆయిల్ కూడా అక్కర్లేదు, డీ2 గాలికే గట్టిపడుతుంది.

బాలానగర్ టూల్‌రూమ్:
60 అయినా పర్లేదన్నారు పార్టీ. 520కి పెట్టేశా. థ్యాంక్స్ సార్.

వైర్‌కట్:
మేష్టారూ, డీ3కి కూడా ఇదే 520 పనిచేస్తుందా? మాలిబ్డినం ఉండదు కదా దాన్లో.