సభ సద్దుమణగలేదన్న కారణంతో ఓట్ల లెక్కింపును తోసిపుచ్చవచ్చా?

బందరు పాఠకుడు:
2018 మార్చి నెల మధ్యలో, ప్రత్యేక హోదా విషయమై కేంద్ర ప్రభుత్వం మీద తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీలు లోక్‌సభలో అవిశ్వాస తీర్మానానికి నోటీసులు ఇచ్చిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అలాంటి నోటీసును సభ ముందు ఉంచినప్పుడు దానిని సమర్థించే సభ్యులు తమ స్థానాల్లో లేచి నిలబడాలి. వారి సంఖ్య 50కి తగ్గకపోతే తీర్మానానికి అనుమతి లభిస్తుంది. అప్పట్లో అన్నాడీఎంకే సభ్యులు కావేరి బోర్డు కోసం, టీఆర్ఎస్ సభ్యులు రిజర్వేషన్ల పెంపు కోసం వెల్‌లోకి (స్పీకర్ స్థానం ముందున్న ఖాళీ జాగాలోకి) వచ్చి ప్లకార్డులు పట్టుకొని నినాదాలు చేస్తుండేవారు. సభ సజావుగా లేదు గనుక తలలు లెక్కపెట్టలేనని చెప్పి స్పీకర్ సుమిత్రా మహాజన్ సభను వాయిదా వేసేవారు. మర్నాడు మళ్లీ అదే తంతు. ఏప్రిల్ 6న సమావేశాలే ముగిసిపోయాయి. ఆ రోజే వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు ఐదుగురు రాజీనామా చేశారు, జూన్‌లో అవి ఆమోదం పొందాయి. చివరికి జులై 18న తెలుగుదేశం నోటీసుకు అనుమతి లభించి, 20న చర్చ జరిగి, తీర్మానం 126కు 325 ఓట్లతో వీగిపోయే నాటికి, మొదట నోటీసు ఇచ్చిన పార్టీల్లో ఒకదానికి చెందిన ఆ ఐదుగురు సభలోనే లేరు.

తీర్మానం నెగ్గదని అందరికీ తెలుసు. నా బాధ అది కాదు. గొడవ చేసినది ఒకరు, హక్కు కోల్పోయినది మరొకరు. ఎవరో వెల్‌లో నిలబడినందుకు, తన స్థానంలో లేచి నిలబడిన సభ్యుడిని లెక్కలోకి తీసుకోకపోవడం ఏ న్యాయం?

2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల విషయంలోనూ ఇదే వాదన వినిపించింది. ప్రతిపక్షం డివిజన్ (సభ్యుల ఓట్లను లెక్కించి నమోదు చేయడం) కోరినా ఉపసభాపతి హరివంశ్ మూజువాణి ఓటుతోనే (అవును, కాదు అన్న కేకలను బట్టే) బిల్లులు ఆమోదం పొందినట్లు ప్రకటించారు. డివిజన్ కోరేవారు తమ స్థానాల్లో ఉండాలని, సభ అదుపులో ఉండాలని ఆయన వివరణ ఇచ్చారు. మేము మా స్థానాల నుంచే అడిగామని కొందరు సభ్యులు చెప్పారు. మర్నాడు ఎనిమిది మంది సస్పెండయ్యారు. గందరగోళం ఉంటే ఓటింగును కాసేపు ఆపవచ్చు గానీ, లెక్కే అక్కర్లేదనే అధికారం సభాపతికి ఉండకూడదని నా అభిప్రాయం.

కరీంనగర్ న్యాయవాది:
మీ ఆవేదన అర్థమైంది గానీ, సభాపతి స్థానంలో కూర్చున్నవారి కష్టాన్ని కూడా చూడాలి. బల్లలెక్కి, మైకులు లాగి, కాగితాలు చించుతున్న సభలో ఎవరు లేచి నిలబడ్డారో, ఎవరు అరవడానికి నిలబడ్డారో ఎలా తెలుస్తుంది? యంత్రం మీద ఓటు వేయాలంటే సభ్యుడు తనకు కేటాయించిన సీటులో ఉండి మీట నొక్కాలి. సీట్లు ఖాళీగా పెట్టి డివిజన్ కావాలనడం కుదరదు.

పైగా మూజువాణి ఓటు తనకు నచ్చినప్పుడు ఒప్పు, నచ్చనప్పుడు తప్పు అన్న ధోరణి మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తెలంగాణ బిల్లును మూజువాణితో ఆమోదించింది కాబట్టి చెల్లదని చాలామంది అంటారు. అంతకు మూడు వారాలు కూడా గడవకముందు, జనవరి 30న, ఉమ్మడి రాష్ట్ర శాసనసభ అదే బిల్లును తిరస్కరిస్తూ ముఖ్యమంత్రి పెట్టిన తీర్మానాన్ని నెగ్గించుకున్నదీ మూజువాణితోనే, అదీ గొడవల మధ్యనే. అక్కడ ఎవరూ తలలు లెక్కపెట్టలేదు. రాష్ట్రాల ఏర్పాటుకు రాజ్యాంగం మూడో అధికరణం కింద వచ్చే బిల్లుకు సాధారణ మెజారిటీ చాలు. సభా విధానంలో లోపం ఉందన్న కారణంతో పార్లమెంటు కార్యకలాపాలను కోర్టులో ప్రశ్నించరాదని 122వ అధికరణం చెబుతోంది. సభకు సభాపతే తుది మాట కాకపోతే ఏ పనీ ముందుకు సాగదు.

ఒంగోలు టీచరు:
జనవరి 30 గురించి న్యాయవాది గారు అన్నది నిజం. దానిని ఒప్పుకుంటూనే ఒక మాట చెబుతాను. ఫిబ్రవరి 18 మధ్యాహ్నం మా స్టాఫ్ రూములో టీవీ ముందు పదిమందిమి కూర్చున్నాం. చూస్తుండగానే లోక్‌సభ ప్రసారం ఆగిపోయింది. బిల్లు నెగ్గిందన్న వార్త మరో ఛానెల్‌లో స్క్రోలింగుగా వచ్చింది. గెలిచినా ఓడినా సరే, మేము ఓటేసి పంపిన మనిషి ఎటు నిలబడ్డాడో తెలుసుకోవాలనిపించింది. డివిజన్ జరగలేదు గనుక బిల్లుపై ఎవరి పేరు ఎదుటా అనుకూలమనీ లేదు, వ్యతిరేకమనీ లేదు. విప్ (ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరించారో లేదో తేల్చాలన్నా పేర్లు నమోదు కావాలి కదా.

బందరు పాఠకుడు:
న్యాయవాది గారి జనవరి 30 ఉదాహరణకు నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే అది నా వాదనకే బలం. అక్కడ లెక్కించకపోవడమూ తప్పే.

లోక్‌సభ నిబంధన 367 చదివితే సభాపతికి దారి అందులోనే కనిపిస్తుంది. మూజువాణి ఫలితాన్ని ఎవరైనా సవాలు చేస్తే లాబీలు ఖాళీ చేయించాలి. మూడున్నర నిమిషాల తర్వాత ప్రశ్నను రెండోసారి సభ ముందు పెట్టాలి. మళ్లీ సవాలు చేస్తే ఓట్లు నమోదు చేయించాలి. డివిజన్ అనవసరంగా కోరుతున్నారని తోస్తే, అప్పుడు కూడా అనుకూలురను, వ్యతిరేకులను లేచి నిలబడమని లెక్కించి ఫలితం ప్రకటించవచ్చని ఆ నిబంధనే అంటోంది. అంటే అనవసరమనిపించిన చోట సైతం తలల లెక్క ఉంది, పేర్లు మాత్రమే నమోదు కావు.

ఇది పాటించకపోతే పాయింట్ ఆఫ్ ఆర్డర్ (నిబంధన ఉల్లంఘన జరిగిందన్న అభ్యంతరం) లేవనెత్తవచ్చు కదా అని కొందరంటారు. కానీ నిబంధన 376 ప్రకారం, తీర్మానాన్ని సభ ముందు ఓటుకు పెడుతున్న సమయంలో పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తరాదు. డివిజన్ గంట మోగలేదని, వినబడలేదని కూడా లేవనెత్తరాదు. సరిగ్గా అన్యాయం జరిగే ఆ నిమిషంలోనే సభ్యుడి నోటికి తాళం పడుతోంది. బయట 122వ అధికరణం ఉంది గనుక కోర్టు తలుపూ మూసుకుపోతోంది. రెండు తలుపులూ మూసినప్పుడు లెక్కింపు అనే కిటికీనైనా తెరిచి ఉంచాలి.

మన బాలయోగి గారిని తలచుకోండి. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానం నాడు, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రిగా ఉన్న లోక్‌సభ సభ్యుడు గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న అభ్యంతరం వచ్చింది. స్పీకర్‌గా ఆయన దానిని గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు. ఫలితం 269, 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. ఆ నిర్ణయం మీద ఈనాటికీ విమర్శ ఉంది, కానీ ఆ అంకెల మీద లేదు.

కరీంనగర్ న్యాయవాది:
367 విషయంలో మీరు చెప్పినది సరైనదే, తలల లెక్క కనీస హక్కు అని నేనూ అంగీకరిస్తాను. కానీ సద్దుమణిగేదాకా ఓటింగును ఆపాలంటే, ఓడిపోయే పక్షం రోజూ వెల్‌లోకి వచ్చి ఏ బిల్లునూ కదలనివ్వదు. మీ ప్రతిపాదనలో దానికి మందు లేదు.

బందరు పాఠకుడు:
మందు ఉంది. బ్రిటన్ కామన్స్ సభలో కొన్ని తీర్మానాల మీద ఓటింగును వాయిదా వేసి, బుధవారం నాడు సభ్యులు కాగితం మీద ఓటు వేసే పద్ధతి ఉంది. అక్కడ బిల్లులకు అది వర్తించదు, మనం వర్తింపజేసుకోవచ్చు. డివిజన్ కోరిన వెంటనే సభ అదుపులో లేకపోతే, మర్నాడు ఒక నిర్ణీత గంటలో లాబీలో పేరు పేరునా సంతకంతో ఓటు తీసుకోవాలి. వెల్‌లో నిలబడాలనుకున్నవారు నిలబడవచ్చు, వారి కోసం ఓటు ఆగదు. 2021 నవంబర్ 29న అవే వ్యవసాయ చట్టాల రద్దు బిల్లు చర్చ లేకుండా, మూజువాణితోనే, ఒక్క రోజులో ఉభయ సభలూ దాటింది. చట్టాలు తెచ్చిన రోజు ఎవరు అవునన్నారో, తీసేసిన రోజు ఎవరు అవునన్నారో పోల్చి చూద్దామంటే రాజ్యసభ రికార్డులో పేర్లు లేవు.