2012 అమెరికన్ లీగ్ ఎంవీపీ: కబ్రెరాకా, ట్రౌట్‌కా?

స్కోర్‌బుక్:
బేస్‌బాల్ అవార్డుల ప్రస్తావన ఎప్పుడొచ్చినా చివరికి 2012 ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) దగ్గరే గొడవ మొదలవుతోంది కాబట్టి దానికి విడిగా ఒక థ్రెడ్ పెడుతున్నా. ముందు అంకెలు, తర్వాత తగువు.

మిగెల్ కబ్రెరా (డెట్రాయిట్ టైగర్స్): 161 గేములు, .330 యావరేజ్ (బ్యాటింగ్ రాకల్లో హిట్ల వంతు), 44 హోమ్ రన్లు (బంతి గోడ దాటి పోయే హిట్లు), 139 ఆర్‌బీఐ (అతని బ్యాటింగ్ వల్ల వచ్చిన పరుగులు). మూడింటిలోనూ లీగ్‌లో అతనే ఫస్ట్, అంటే ట్రిపుల్ క్రౌన్. 1967లో బోస్టన్ రెడ్ సాక్స్ కార్ల్ యస్ట్రెమ్‌స్కీ సాధించాక 45 ఏళ్ళపాటు రెండు లీగుల్లోనూ (అమెరికన్, నేషనల్) ఎవరికీ దక్కలేదు.

మైక్ ట్రౌట్ (లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్): 139 గేములు, .326, 30 హోమ్ రన్లు, 83 ఆర్‌బీఐ, 129 పరుగులు, 49 స్టీల్స్ (హిట్ లేకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ దక్కించుకోవడం). పైగా సెంటర్ ఫీల్డ్. సీజన్ మొదలయ్యేనాటికి వయసు ఇరవై.

ఓటేసింది 28 మంది బేస్‌బాల్ రైటర్లు, జట్టుకు ఇద్దరు చొప్పున. ఫస్ట్ ప్లేస్ ఓట్లు కబ్రెరాకు 22, ట్రౌట్‌కు 6. పాయింట్లు 362, 281. నా లెక్కలో ఇది తప్పు తీర్పు. ట్రిపుల్ క్రౌన్ అనే పేరుకు ఓటేశారు తప్ప ఆ ఏడాది ఆటకు కాదు.

నోవీ టైగర్:
పేరుకు ఓటేశారా? .330, 44, 139 అంటే పేరా అండీ? స్లగింగ్ (హిట్లతో దక్కిన బేసుల సగటు) .606, ఓపీఎస్ (స్లగింగ్‌కు బేస్ చేరిన రేటు కలిపితే వచ్చేది) .999, రెండింటిలోనూ లీగ్‌లో మొదటివాడే. ట్రౌట్ ఓపీఎస్ .963. ట్రిపుల్ క్రౌన్ సంగతి పూర్తిగా పక్కన పెట్టినా లీగ్‌లో అందరికన్నా గట్టి బ్యాటర్ కబ్రెరాయే. ఆర్‌బీఐ దండగ అనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: స్కోర్‌బోర్డు మీద కనిపించేవి పరుగులే. 139 మందిని ఇంటికి (హోమ్ ప్లేట్‌కు, అంటే పరుగుకు) చేర్చాడు.

డబుల్‌ప్లే:
139 మందిని కాదు. అందులో 44 సార్లు ఇంటికి చేరింది అతనే. ఇతరులు 95 మంది. ట్రౌట్‌కు అదే లెక్క 83 లోంచి 30 తీస్తే 53. తేడా పెద్దదే, కానీ ట్రౌట్ లీడాఫ్ హిట్టర్, అంటే బ్యాటింగ్ వరుసలో మొదటివాడు. ప్రతి గేమ్‌లో మొదటిసారి ప్లేట్ దగ్గరికి వచ్చేసరికి బేసుల మీద పురుగు కూడా ఉండదు. ఆ తర్వాత కూడా అతని ముందు వచ్చేది లైనప్ అడుగున ఉన్న ఎనిమిది, తొమ్మిదో బ్యాటర్లు. కబ్రెరా మూడో నంబర్, ముందు .300 కొట్టిన ఆస్టిన్ జాక్సన్. లీడాఫ్ వాణ్ణి ఆర్‌బీఐ ఎందుకు తక్కువ అని అడగడం, క్రికెట్‌లో ఓపెనర్‌ని పట్టుకుని ఆఖరి ఓవర్‌లో సిక్సర్ ఎందుకు కొట్టలేదు అన్నట్టే.

ఓపీఎస్ సంగతి. ఏంజెల్స్ మైదానం పిచ్చర్లకు అనుకూలం, టైగర్స్ మైదానం కొమెరికా పార్క్ అంతకంటే బ్యాటర్ల వైపు. పార్క్ తేడా సరిచేసే ఓపీఎస్ ప్లస్‌లో ట్రౌట్ 168, కబ్రెరా 164. అంటే బ్యాటు వరకు ఇద్దరూ సమానమే, ఒక వెంట్రుకవాసి తేడా. మిగతావన్నీ ట్రౌట్ వైపే.

నేను అసలు చూసేది అవుట్లు. గేమ్‌కు 27 అవుట్లు, వాటిని ఎవరు ఎంత వాడారన్నదే జమాఖర్చు. ఎట్ బ్యాట్స్ (ఉచితంగా బేస్ దొరికినవి లాంటివి పోను మిగిలిన బ్యాటింగ్ రాకలు) లోంచి హిట్లు తీసేయండి, డబుల్ ప్లేలు (ఒకే బంతికి ఇద్దరు అవుటయ్యేవి) కలపండి.

కబ్రెరా: 622 లోంచి 205 పోతే 417. డబుల్ ప్లే గ్రౌండర్లు 28, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. మొత్తం 445.
ట్రౌట్: 559 లోంచి 182 పోతే 377. డబుల్ ప్లేలు 7. మొత్తం 384.

తేడా 61 అవుట్లు. ఇప్పుడు ఆ 61 అవుట్లకు కబ్రెరా అదనంగా తెచ్చిందేమిటి? టోటల్ బేసెస్ (హిట్లతో దక్కిన మొత్తం బేసులు) 377, ట్రౌట్‌వి 315. వాక్స్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా దొరికే ఫస్ట్ బేస్) 66, 67. స్టీల్స్ 4, 49. మూడూ కలిపితే కబ్రెరా 447, ట్రౌట్ 431. పదహారు బేసుల కోసం అరవై ఒక్క అవుట్లు! స్టీల్‌కు వెళ్ళి దొరికిపోయినవి (ట్రౌట్ 5, కబ్రెరా 1) కలిపినా తేడా 57.

నోవీ టైగర్:
లెక్క అందంగా ఉంది గానీ ఒక మెలిక దాచారు. కబ్రెరా ప్లేట్ అప్పియరెన్సులు 697, ట్రౌట్‌వి 639. ఎక్కువసార్లు బ్యాటింగ్‌కు వస్తే అవుట్లూ ఎక్కువే అవుతాయి. రోజూ ఆడినందుకు శిక్షా? స్టీల్‌ను, హోమ్ రన్‌లోని ఒక బేస్‌ను ఒకే గాటన కట్టడం కూడా తప్పే. స్టీల్ ముందున్న రన్నర్‌ను కదిలించదు, హోమ్ రన్ అందరినీ ఇంటికి తెస్తుంది.

డబుల్‌ప్లే:
రెండో మాట ఒప్పుకుంటా, స్టీల్ విలువ హిట్‌లోని బేస్ కన్నా తక్కువే. మొదటిది ఒప్పుకోను. 58 అప్పియరెన్సులు ఎక్కువ, 61 అవుట్లు ఎక్కువ. అంటే ఆ అదనపు రాకలన్నీ అవుట్లకే సరిపోయినట్టు. ఇక ట్రౌట్ 54 సార్లు పరుగెత్తి 49 సార్లు సేఫ్, 90 శాతం. 70 శాతం పైన ఎంత ఉంటే అంత లాభమేనని స్టీల్ లెక్కలు వేసే ఎవరినడిగినా చెబుతారు.

స్కోర్‌బుక్:
ట్రౌట్ ఫీల్డింగ్ సంగతి ఇంకా మొదలే కాలేదు. బాల్టిమోర్‌లో జె.జె. హార్డీ కొట్టిన బంతిని గోడ మీదికి ఎగిరి అందుకున్న క్యాచ్ ఒక్కటి చాలు. అలా గోడ అవతలికి పోయే బంతులను ఆ ఏడాది నాలుగుసార్లు వెనక్కి లాగాడు.

నోవీ టైగర్:
నాలుగు క్యాచ్‌లు అంటే హైలైట్స్ వీడియో, సీజన్ కాదు. ఫీల్డింగ్ అంటున్నారు కాబట్టి ఇది కూడా చూడండి. 2012 జనవరిలో టైగర్స్ ప్రిన్స్ ఫీల్డర్‌ని తొమ్మిదేళ్ళకు 21.4 కోట్ల డాలర్లకు తీసుకున్నారు. ఫీల్డర్‌కు ఫస్ట్ బేస్ కావాలి. 2008 నుంచి ఫస్ట్ బేస్ ఆడుతున్న కబ్రెరా మారు మాట్లాడకుండా థర్డ్ బేస్‌కు జరిగాడు. స్ప్రింగ్ ట్రైనింగ్‌లో బంతి ఎగిరి ముఖానికి తగిలి కంటి కింద ఎముక చిట్లింది, అయినా ఓపెనింగ్ డే నాడు మైదానంలో ఉన్నాడు. ఫీల్డర్ 30 హోమ్ రన్లు, 108 ఆర్‌బీఐ జట్టుకు వచ్చాయంటే కబ్రెరా జరగబట్టే. ఇది మీ వార్‌లో (మామూలు బదులు ఆటగాడికన్నా ఒకడు జట్టుకు ఎన్ని విజయాలు ఎక్కువ తెచ్చాడో చెప్పే లెక్క) ఏ గడిలో ఉంది?

డబుల్‌ప్లే:
గడి ఉంది, పేరు పొజిషన్ సర్దుబాటు. ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే గణాంకాల సైట్ పద్ధతిలో పూర్తి సీజన్‌కు ఫస్ట్ బేస్‌కు 12.5 పరుగులు కోత, థర్డ్ బేస్‌కు 2.5 పరుగులు కలుపు. ఫస్ట్ నుంచి థర్డ్‌కు మారినందుకే కబ్రెరా ఖాతాలో 15 పరుగులు పడ్డాయి. పది పరుగులు ఒక విజయం అనుకుంటే ఒకటిన్నర విజయం. అది వేశాక కూడా అతని వార్ 7 దగ్గర, ట్రౌట్‌ది 10 పైన. థర్డ్ బేస్ విలువను పట్టించుకోలేదనే ఫిర్యాదు ఆ ఏడాది చాలామంది చేశారు, కానీ వార్ మొదట చూసేదే అది. సూత్రం చదవకుండా సూత్రాన్ని తిట్టడం మన దగ్గరా కొత్త కాదులెండి.

అయితే వార్ గుడ్డిగా నమ్మాల్సిందీ కాదు. బేస్‌బాల్ రిఫరెన్స్ అనే మరో సైట్ వాడే ఫీల్డింగ్ కొలత డీఆర్‌ఎస్, ఫ్యాన్‌గ్రాఫ్స్ అప్పుడు వాడింది యూజెడ్‌ఆర్. ఒకే ట్రౌట్‌కు అదే ఏడాది డీఆర్‌ఎస్ 20 పరుగుల పైన ఇస్తే, యూజెడ్‌ఆర్ ఇంచుమించు అందులో సగమే ఇచ్చింది. ఒక్క సీజన్ ఫీల్డింగ్ అంకె ఊగుతుంది, మూడేళ్ళ అంకెలు చూస్తేనే కాస్త నిలబడుతుంది. అందుకని తక్కువదాన్నే తీసుకోండి, అందులోనూ సగం కొట్టేయండి. ట్రౌట్ అప్పటికీ ముందే ఉంటాడు.

కొత్తబంతి:
నాదొక అమాయకపు ప్రశ్న. వార్ ఎక్కువ ఉన్నవాడికే ఇవ్వాలంటే ఓటింగ్ ఎందుకు? "వాల్యుబుల్" అంటే ఏమిటో రూల్స్‌లో రాసి ఉందా?

బుల్‌పెన్ బాబాయ్:
రాసి లేదు, అదే అసలు తమాషా. బ్యాలట్ మొదట్లోనే ఈ పదానికి స్పష్టమైన నిర్వచనం లేదు, ఓటరే నిర్ణయించుకోవాలి అని ఉంటుంది. ప్లేఆఫ్‌కు వెళ్ళిన జట్టు నుంచే ఎంచుకోనక్కర్లేదని కూడా ఉంటుంది. తర్వాత 1931 నుంచి వస్తున్న నియమాలు: జట్టుకు ఆటగాడి నిజమైన విలువ, అంటే బ్యాటింగ్, ఫీల్డింగ్ బలం. ఎన్ని గేములు ఆడాడు. గుణం, విధేయత, శ్రమ. ముందు గెలిచినవాళ్ళూ అర్హులే. ఒకే జట్టు నుంచి ఇద్దరికీ ఓటేయొచ్చు. అంతే.

బ్యాలట్లు పోస్ట్ సీజన్ మొదలవక ముందే పంపేయాలి. కాబట్టి టైగర్స్ వరల్డ్ సిరీస్‌దాకా వెళ్ళి జెయింట్స్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడారన్నది ఈ వాదనలో ఎవరికీ పనికిరాదు. దయచేసి తేవద్దు.

ట్రిపుల్ క్రౌన్ కొడితే ఎంవీపీ ఖాయం అనేవాళ్ళు బోస్టన్ బ్యాటర్ టెడ్ విలియమ్స్‌ను చూడాలి. 1942లో .356, 36, 137తో క్రౌన్ సాధించాడు, అవార్డు యాంకీస్ సెకండ్ బేస్‌మన్ జో గోర్డన్‌కు వెళ్ళింది. 1947లో మళ్ళీ క్రౌన్, ఈసారి జో డిమాజియో చేతిలో ఒక్క పాయింటుతో పోయింది, 202కు 201. యస్ట్రెమ్‌స్కీకి మాత్రం 20లో 19 ఫస్ట్ ప్లేస్ ఓట్లు వచ్చాయి. మిగిలిన ఒక్కటి ట్విన్స్ ఆటగాడు సెసార్ తోవార్‌కు! ఆ ఓటును సమర్థించేవాళ్ళు ఈ వేదిక మీద ఉంటే నాకు చూడాలని ఉంది.

నోవీ టైగర్:
బాబాయ్ చెప్పిన రెండో నియమం చదివారా? గేముల సంఖ్య. 161, 139. ఏప్రిల్ 28 దాకా ట్రౌట్ సాల్ట్ లేక్‌లో మైనర్ లీగ్ ఆడుతున్నాడు. ఆ నెల ఏంజెల్స్‌కు అతను ఇచ్చింది సున్నా.

ఇక చివరి అంకం. సెప్టెంబరు మధ్యలో షికాగో వైట్ సాక్స్ టైగర్స్ డివిజన్‌లో (లీగ్‌లోని జట్ల గుంపు) మూడు గేములు ముందున్నారు. టైగర్స్ వాళ్ళను దాటి 88 విజయాలతో టైటిల్ అందుకున్నారు. సెప్టెంబరు నుంచి చివరిదాకా కబ్రెరా 11 హోమ్ రన్లు కొట్టాడు. ట్రౌట్ యావరేజ్ ఆ ఒక్క నెల వరకు చూస్తే .300 కిందికి జారింది, ఏంజెల్స్ ప్లేఆఫ్‌కు చేరకుండా ఇంటికి పోయారు.

స్కోర్‌బుక్:
ఏప్రిల్ సంగతి న్యాయమైన మాటే. ట్రౌట్‌కు మంచి ఆట ఉన్నా కింద ఉంచింది మేనేజ్‌మెంటు. తప్పు వాళ్ళదైనా, ఆడని గేముకు విలువ ఉండదు, ఒప్పుకున్నా. కానీ వార్ కూడా ఆడిన గేములకే కూడుతుంది. 22 గేములు తక్కువ ఆడి ముందున్నాడన్నది గుర్తుంచుకోండి.

డివిజన్ వాదన మాత్రం నిలవదు. ఏంజెల్స్ గెలిచింది 89, టైగర్స్ 88. ఒకటి ఎక్కువ గెలిచి మూడో స్థానంలో ఎందుకున్నారు? ఆ డివిజన్‌లో ఓక్లాండ్ 94, టెక్సస్ 93 గెలిచాయి కాబట్టి. ఓక్లాండ్ పిచ్చర్లు బాగా వేస్తే ట్రౌట్ విలువ తగ్గుతుందా? అతను వచ్చేనాటికి ఏంజెల్స్ 6 గెలుపులు, 14 ఓటములు. వచ్చాక 83, 59.

సెప్టెంబరు గెలుపు, మే గెలుపు పట్టికలో ఒకే ఒకటి. చివర్లో వచ్చినదానికి రెండు మార్కులు వేయరు.

డబుల్‌ప్లే:
ట్రిపుల్ క్రౌన్ ఎంత సన్నటి దారం మీద వేలాడిందో చూడండి. ట్రౌట్ 559లో 182. ఇంకో మూడు హిట్లు పడి ఉంటే 185, అంటే .331. కబ్రెరా .330. బ్యాటింగ్ టైటిల్ ట్రౌట్‌ది, క్రౌన్ మాయం. రెండు హిట్లయితే చాలవు, లెక్క వేశాను, .3292 దగ్గర ఆగి కబ్రెరా .3296 కింద ఉండిపోతాడు. హోమ్ రన్లలోనూ అంతే, హామిల్టన్ 43, గ్రాండర్సన్ 43. ఇద్దరిలో ఎవరు ఇంకో రెండు కొట్టినా క్రౌన్ లేదు. 139 గేముల్లో మూడు నేల బంతులు ఫీల్డర్ల మధ్యనుంచి దూరి ఉంటే కబ్రెరా బ్యాటింగ్‌లో మారేదేమీ లేదు, కానీ ఆ 22 మందిలో ఎంతమంది అతనితో ఉండేవారు?

నోవీ టైగర్:
చాలామంది ఉండేవారు. మరుసటి ఏడాదే చూడండి, 2013లో క్రౌన్ లేకుండానే .348, 44, 137తో మళ్ళీ ట్రౌట్‌నే ఓడించాడు. 30లో 23 ఫస్ట్ ప్లేస్ ఓట్లు.

బుల్‌పెన్ బాబాయ్:
ఇది బలమైన దెబ్బే, డబుల్‌ప్లే గారూ. ఓటర్లు పేరుకు మురిసిపోయారన్న మాట 2013 దగ్గర చిత్తవుతుంది. వాళ్ళకు నచ్చింది ఆ తరహా బ్యాటింగ్, గెలిచే జట్టు. 2014లో ట్రౌట్‌కు ముప్పైకి ముప్పై ఓట్లూ వచ్చాయంటే ఏంజెల్స్ 98 గెలవడమూ ఒక కారణమే. అసలు మార్పు 2016లో కనిపిస్తుంది. ఏంజెల్స్ 74 గెలిచి 88 ఓడారు, అయినా ట్రౌట్ మూకీ బెట్స్‌ను దాటి గెలిచాడు. 2010లో 13 గెలుపులు, 12 ఓటములున్న ఫెలిక్స్ హెర్నాండెజ్‌కు సై యంగ్ (మేటి పిచ్చర్ అవార్డు) ఇచ్చినప్పుడే పిచ్చర్ల విషయంలో రైటర్లు మారారు. బ్యాటర్ల దగ్గరికొచ్చేసరికి ఇంకా ఆరేళ్ళు పట్టింది.

కొత్తబంతి:
81 పాయింట్ల తేడా అంటే ఎంతమంది ఓటర్లు మారితే ఫలితం తిరగబడేది?

డబుల్‌ప్లే:
ఫస్ట్ ప్లేస్‌కు 14, సెకండ్‌కు 9, అక్కణ్ణుంచి 8, 7 అలా పదో స్థానానికి 1. ఇద్దరి స్థానాలూ తారుమారు చేసిన ఒక్కో బ్యాలట్ తేడాను 10 తగ్గిస్తుంది. అంటే తొమ్మిది మంది కావాలి.

ఎనిమిది మందే మారారనుకోండి. ఫస్ట్ ప్లేస్ ఓట్లు చెరి 14. కబ్రెరాకు 14 ఫస్ట్, 14 సెకండ్, మొత్తం 322. ట్రౌట్‌కు 14 ఫస్ట్, 13 సెకండ్, ఒక థర్డ్, మొత్తం 321. ఎందుకంటే అసలు ఓటింగ్‌లో ఒక రైటర్ ట్రౌట్‌ను మూడో స్థానంలో రాశాడు.

బుల్‌పెన్ బాబాయ్:
ఒక్క పాయింటు. మళ్ళీ 1947.

నోవీ టైగర్:
ఆ మూడో స్థానం ఓటును మాత్రం నేనూ సమర్థించను.