సమస్యాపూరణం: గురిని తప్పించి కొట్టెను గురిని సరిగ

నిర్వాహకుడు: నిన్న మా క్లబ్బు మిత్రులం కొందరం పతకాల ఊసు లేకుండా, కేవలం సరదాకు, 50 మీటర్ల దూరంలో బోర్లా పడుకుని కాల్చే పాయింట్ టూటూ (0.22 అంగుళాల తూటా) రైఫిల్ పోటీ పెట్టుకున్నాము. ఆ లక్ష్యపత్రంలో నల్లని వృత్తం వ్యాసం 112.4 మిల్లీమీటర్లయితే, పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. తూటా వ్యాసం 5.6 మిల్లీమీటర్లు కనుక వెంట్రుకవాసి తేడాతో పది తొమ్మిదిగా మారుతుంది. చివరి వరుస కాల్పుల్లో ఒక మిత్రుని తీరు చూస్తుండగా నాకు ఈ తేటగీతి పాదం తోచింది. అతడు ఏమి చేశాడో ఇప్పుడు చెప్పను. పూరణల్లో మీరే చెప్పాలి.

*గురిని తప్పించి కొట్టెను గురిని సరిగ*

మొదటి పూరణ (క్లబ్బు పాత సభ్యుడు):

ఎడమ దెసనుండి వడిగాలి నెఱిఁగి యతఁడు
నడిమి చుక్కకు నెడమగా నాటి చూపు
ఊపిరిని నిల్పి మెల్లగ నొత్తి మీట
గురిని తప్పించి కొట్టెను గురిని సరిగ

నిర్వాహకుడు: నేను చూసినది సరిగ్గా ఇదే. గాలి నిలకడగా ఉన్నంతసేపు, గురి చూసే సైటును దాని మర తిప్పి క్లిక్కులతో జరుపుకుంటే సరిపోతుంది. కానీ గాలిని చూపే జెండాలు ఒక్కసారిగా లేచి, క్లిక్కులు మార్చుకునే వ్యవధి లేనప్పుడు, గాలి తూటాను ఎంత నెడుతుందో అంచనా వేసి, గురినే గాలి వచ్చే వైపుకు తీయవలసి వస్తుంది. ఎడమ నుండి వచ్చే గాలి తూటాను కుడికి తోస్తుంది కాబట్టి చూపును ఎడమకు నాటడం న్యాయంగా ఉన్నది. 'ఊపిరి'కి 'మెల్లగ నొత్తి' అన్నచోట ఊ, ఒ ల యతిమైత్రి కూడా చక్కగా కుదిరింది.

రెండవ పాదంతోనే నాకు పేచీ. వెనుక సైటులోని సన్నని రంధ్రం గుండా చూసేవానికి ముందు సైటులోని వలయం, ఆ వలయం నడుమ నల్లని వృత్తం మొత్తంగా కనబడతాయే గాని, నడిమి చుక్క విడిగా కనబడదు. కనబడని చుక్కకు ఎడమగా చూపు నాటడమెలా? యతి చెడకుండా ఇలా మార్చవచ్చును:

*నల్లబిళ్ళకు నెడమగా నాటి చూపు*

క్లబ్బు పాత సభ్యుడు: సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. ముప్పై ఏళ్లుగా ఆ నల్లబిళ్ళనే చూస్తూ, పద్యంలో చుక్క అని వ్రాయడం నా పొరపాటే.

రెండవ పూరణ (ఒక సభ్యురాలు):

గెలుపు నందలి తలపును గెంటివైచి
పదుల లెక్కలు మదినుండి పాఱఁదోలి
వేలి కొసయందె మనసంత వెలయఁ జేసి
గురిని తప్పించి కొట్టెను గురిని సరిగ

నిర్వాహకుడు: మొదటి 'గురి'ని గెలుపు మీది ధ్యాసగా, రెండవదానిని లక్ష్యంగా విడదీయడం లోతైన ఆలోచన. వరుసగా పదులు పడుతున్నప్పుడు లెక్క మొదలుపెట్టినవాని వేలు ట్రిగ్గర్‌ను నొక్కడం మాని లాగడం మొదలుపెడుతుందని రేంజిలో కూర్చున్న ప్రతివారికీ తెలుసు. అయితే మీరు మొదటి పాదంలో 'తలపు' అన్నారు కనుక, చివరి పాదంలోని 'గురి' దానినే సూచిస్తున్నదని పాఠకుడు ఊహించుకోవలసి వస్తున్నది. 'గెలుపు పైనున్న గురినెల్ల గెంటివైచి' అంటే ముడి బిగుస్తుంది కదా?

సభ్యురాలు: ఆ మాట ముందే వాడితే చివరి పాదంలోని విరుపు ముందుగానే బయటపడుతుందని అనుకుంటున్నాను. మన్నించండి, నా పాదాన్ని అలాగే ఉంచుతాను.

నిర్వాహకుడు: మీ వాదంలో బలమున్నది, అలాగే ఉండనివ్వండి.

మూడవ పూరణ (కొత్త సభ్యుడు):

తనది మూడవ పలకని తలపు లేక
పొరుగువానిదౌ పలకనే చూచి కాల్చి
తనకు సున్నయే మిగులంగఁ దానె తనదు
గురిని తప్పించి కొట్టెను గురిని సరిగ

నిర్వాహకుడు: సమస్య చిక్కును ఇంత సూటిగా విప్పిన పూరణ మరొకటి రాలేదు. పక్కవాని పలకను, అంటే అతని లక్ష్యాన్ని, కాల్చినవానికి ఆ తూటా సున్నాగానే లెక్కకు వస్తుంది. పొరుగువాని పలకపై పడిన రెండు రంధ్రాలలో అతనిది ఏదో తేలకపోతే అతనికి ఎక్కువ విలువ గల దానినే ఇస్తారు. 'తనదు' అన్న మాటను మూడవ పాదం చివర ఉంచి సమస్యలోకి జార్చిన నేర్పు నాకు ఎంతో నచ్చింది.

రెండవ పాదంలో యతి తప్పింది. నాలుగవ గణం మొదటి అక్షరం 'చూ'. పాదం మొదటి అక్షరం 'పొ'. అచ్చులకు మైత్రి ఉన్నా హల్లులకు లేదు కనుక ఇది చెల్లదు. బోర్లా పడుకుని కాల్చేవానికి తగిన క్రియ ఒకటి పకారంతోనే దొరుకుతుంది, వెదకి చూడండి.

కొత్త సభ్యుడు: *పొరుగువానిదౌ పలకనే పొంచి చూచి.* 'కాల్చి' తీసివేశాను. సమస్యలో 'కొట్టెను' ఉండనే ఉన్నది.

నిర్వాహకుడు: యతి కుదిరింది, పునరుక్తీ పోయింది. వచ్చే పోటీలో మీరు కాల్పు మొదలుపెట్టే ముందు పలక అంకెను మీతో పాటు నేనూ ఒకసారి చదువుతాను.