హుక్కు లేని గదిలో సీలింగ్ ఫ్యాన్: ట్యూబ్‌లైట్ నుంచి వైరు లాగొచ్చా?

మలక్‌పేట_అద్దిల్లు:
మా చివరి గది ఓనరు తర్వాత కట్టించాడట. స్లాబులో ఫ్యాన్ హుక్కు లేదు, బోర్డులో రెగ్యులేటర్ లేదు, గోడకి ఒక్క ట్యూబ్‌లైట్ ఉందంతే. పైన ఇంకో అంతస్తు కూడా లేకపోవడంతో రాత్రి తొమ్మిదైనా స్లాబు సెగ కొడుతూనే ఉంటుంది. అమ్మ పడుకునేది ఆ గదిలోనే. పక్కింటాయన ట్యూబ్‌లైట్ దగ్గర జాయింట్ కొట్టి ఫ్యాన్‌కి ఇచ్చేయమంటున్నాడు, ఎలక్ట్రీషియనేమో బోర్డు నుంచి వేరే లైను వేయాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బోరబండ_తమ్ముడు:
పక్కింటాయన చెప్పిందే కరెక్ట్ అన్నా. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, అంటే 230 వోల్టుల మీద ఆంపియర్‌లో మూడో వంతు. ఆ మాత్రానికి వైరు కాలిపోదు. ఎలక్ట్రీషియన్ కూలీ కోసం చెబుతున్నాడు.

పాతబస్తీ_వైర్‌మన్:
లోడు సంగతి తమ్ముడు సరిగ్గానే చెప్పాడు, కానీ ఇక్కడ సమస్య లోడు కాదు. ట్యూబ్‌లైట్‌కి వచ్చే ఫేజు, అంటే కరెంటు తెచ్చే వైరు, స్విచ్ దాటి వచ్చిందే కదా, దాన్నుంచి లాగితే లైటు ఆర్పగానే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది. అమ్మగారు రాత్రంతా లైటు వేసుకుని పడుకోవాలా? బోర్డులోంచి ఫేజు తీసుకుని ఫ్యాన్‌కి సొంత స్విచ్, రెగ్యులేటర్ పెట్టించండి, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరుతో పాటు ఆకుపచ్చ ఎర్త్ వైరు కూడా లాగించండి. ట్యూబ్‌లైట్ పాయింట్లకు చాలా ఇళ్లలో రెండే వైర్లు ఉంటాయి, ఎర్త్ ఉండదు, అలాంటప్పుడు ఫ్యాన్ మోటారులో ఇన్సులేషన్ పోయిన రోజు ఆ ఇనుప బాడీకి, రాడ్డుకి కరెంటు వచ్చేస్తుంది. రిమోట్‌తో వచ్చే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ కొంటే మాత్రం రెగ్యులేటర్ పెట్టకూడదు, స్విచ్ చాలు, కరెంటు కూడా సగం కంటే తక్కువే తింటుంది.

అసలు భయపడాల్సింది హుక్కు గురించి. నాలుగైదు కిలోల బరువు తిరుగుతూ రాత్రంతా కుదుపుతుంది. స్క్రూలకు వాడే ప్లాస్టిక్ ప్లగ్గు మీద దాన్ని వేలాడదీయొద్దు, చేతులెత్తి మొక్కుతా. హుక్కుతో వచ్చే ఇనుప యాంకర్ బోల్టు ట్రూప్ బజార్‌లో దొరుకుతుంది. అది ప్లాస్టరింగ్ దాటి లోపలి కాంక్రీటులో బిగియాలి. పెచ్చులు రాలే స్లాబైతే అసలు వద్దు. డ్రిల్లు వేస్తుంటే ఊచ తగిలిందనుకోండి, దాంతో పోట్లాడకుండా రెండు వేళ్లు పక్కకు జరగాలి.

ఇంకోటి, స్విచ్ ఆపాం కదా అని చెయ్యి పెట్టొద్దు. పోయినేడాది ఒక ఇంట్లో స్విచ్ ఆపి టెస్టర్ పెట్టాను, దాని చిన్న గాజు కిటికీలో ఎర్రటి వెలుగు అలాగే ఉంది. ఫేజులో ఉండాల్సిన స్విచ్‌ని ఎవరో న్యూట్రల్‌లో కలిపారు. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసి, అప్పుడే వైరు ముట్టుకోండి.

బోరబండ_తమ్ముడు:
లైటుతో పాటు ఆగిపోయే సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. కానీ బోర్డు నుంచి కేసింగ్ పట్టీ కొట్టి లాగడం పెద్ద విద్యేం కాదు, అన్న సొంతంగా చేసుకోవచ్చుగా?

కాప్రా_అక్క:
చేసుకోకూడదు తమ్ముడూ. ఉన్న ఫ్యాన్ తీసి ఇంకోటి పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కొత్త పాయింటు వేయాలంటే మాత్రం లైసెన్సున్నవాళ్లే చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లో ఉంది. పైగా అద్దె ఇల్లు. స్లాబుకి రంధ్రం పెట్టే ముందు ఓనరుతో ఒక మాట అనుకోండి, ఒప్పుకోకపోతే గోడ ఫ్యాన్ పెట్టుకోండి. మంచం వైపు తిప్పుకుంటే పెద్దవాళ్లకి అదే హాయి.

మలక్‌పేట_అద్దిల్లు:
మెయిన్ ఆపి బోర్డు విప్పి చూశాను, మూడు పిన్నుల సాకెట్ దాకా ఆకుపచ్చ వైరు వచ్చి ఉంది. అది నిజంగా ఎర్త్‌కి కలిసిందో లేదో చూసే పని ఎలక్ట్రీషియన్‌కే చెప్పాను, ఆదివారం వస్తున్నాడు. ఓనరు హుక్కుకి ఒప్పుకున్నాడు, ఖర్చు మాత్రం మాదేనట. అప్పటిదాకా హాల్లోని టేబుల్ ఫ్యాన్ అమ్మ దగ్గర పెట్టాను.