లగ్ జా గలే: ఎవరి గొంతులో మీకు ఎక్కువ నచ్చింది?

నిన్న రాత్రి నిద్ర పట్టక లగ్ జా గలే అనే పాత హిందీ పాట పెట్టుకున్నా, అదయ్యాక యూట్యూబ్ వరసగా కవర్లు (అదే పాటని వేరేవాళ్లు మళ్లీ పాడినవి) వేస్తూ పోయింది, రెండింటి దాకా వింటూనే కూర్చున్నా. సిగ్గు లేకుండా చెప్తున్నా, నేను ముందు విన్నది సనమ్ బ్యాండ్ వాళ్లది, లతా మంగేష్కర్ ఒరిజినల్ తర్వాతే. మొదట్లో లతాగారిది కాస్త చప్పగా కూడా అనిపించింది (కొట్టకండి). ఇప్పుడు రివర్స్ అయింది. "షాయద్" (బహుశా) అనే మాట దగ్గర మిగతావాళ్లు గొంతు తిప్పి ఏదో ఒక సంగతి వేస్తారు, ఆవిడ మామూలుగా మాట అన్నట్టు అనేసి వెళ్లిపోతుంది, నాకు అక్కడే ప్రాణం పోతుంది. మీకు ఎవరిది ఇష్టం?

రాగాలపిచ్చి:
చప్పగానా, ఎంత మాట 😄 సరే ఒప్పుకున్నారు కాబట్టి వదిలేస్తున్నా. ఒకసారి వో కౌన్ థీ (1964) సినిమాలో ఆ పాట చూడండి. అక్కడ హీరోయిన్ సాధన మనిషో దెయ్యమో అన్న అనుమానం హీరోని తినేస్తుంటుంది, అలాంటి ఆవిడ వచ్చి ఈ రాత్రి మళ్లీ వస్తుందో రాదో, దగ్గరికి తీసుకో అంటే అది ఉత్త ప్రేమపాట ఎలా అవుతుంది, వెన్నులో చలి పుడుతుంది. సంగీత దర్శకుడు మదన్ మోహన్ పహాడీ రాగంలో అంత తియ్యగా కట్టి లోపల ఆ భయం దాచాడు. కవర్లలో గిటార్ పెట్టి మెల్లగా పాడేసరికి తీపి మిగుల్తుంది, చలి పోతుంది. నా గోల అదొక్కటే.

పాత_రేడియో:
మగవాళ్లు పాడితే తేడాగా ఉంటుంది అంటారు గానీ సాహిత్యంలో ఒక్క మాట మార్చక్కర్లేదు, గమనించారా? "హమ్ నహీ ఆయేంగే" (మేం రాము) అని రాశాడు రాజా మెహదీ అలీ ఖాన్, హమ్ అని బహువచనంలో అన్నాడు కాబట్టి ఆడా మగా ఎవరు పాడినా సరిపోతుంది. అందుకే సనమ్ బ్యాండ్ గాయకుడు సనమ్ పూరీ నోట్లో కూడా అతుకు కనిపించదు.

నిద్రలేనిపక్షి:
శ్రేయా ఘోషల్ స్టేజి మీద పాడింది వినండి, శ్రుతి శుద్ధంగా ఉంటుంది, కానీ లతకి దండం పెడుతూ పాడినట్టుంటుంది. జోనితా గాంధీ 2018లో సాహెబ్ బీవీ ఔర్ గ్యాంగ్‌స్టర్ 3 సినిమాకి పాడింది, ఆ పిల్ల అసలు లతలా పాడే ప్రయత్నమే చెయ్యదు, గొంతులో కాస్త గాలి వదుల్తూ తన దారిన తను పోతుంది, నాకు అదే నచ్చింది. అన్నట్టు నాకు హిందీ అంతంతమాత్రం, పాటలో "ములాఖాత్ హో న హో" (మళ్లీ కలుస్తామో లేదో) అని వస్తుందిగా, మన పేపర్లలో ములాఖత్ అంటే జైల్లో ఖైదీని కలవడమే కదా, చిన్నప్పుడు ఈ పాట వింటూ పాపం హీరోని తెల్లారితే జైల్లో వేస్తారేమో, అందుకే అంత ఏడుపు అనుకునేదాన్ని.

(ప్రశ్న అడిగినవారు):
ములాఖత్ 😂😂 ఇంక నాకు ఆ లైన్ వచ్చినప్పుడల్లా ఊచలే కనిపిస్తాయి, ఏం చేశారండీ! సినిమా ఈ రాత్రికే చూస్తా, లైట్లు వేసుకునే.